పిల్ల పత్రిక బండెక్కిన రోజు

ఆ రోజుల్లో అనగానే లాంతర్లూ, ఎడ్లబళ్ళూ ఊహించుకోకండి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసిన రోజులే. కాకపోతే ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచరు చదివిన అమ్మాయి కోసం లోకం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తూ ఉంటుందని! తీరా పరీక్షలు రాసి బయటికొచ్చి చూస్తే గుమ్మంలో నిలబడి ఉన్నది మా అమ్మ ఒక్కతే. "బి.ఇడి.లో చేరిపో, టీచరుద్యోగం ఆడపిల్లకి నీడపట్టున ఉంటుంది" అని ఆవిడ పాట. నాకేమో రాయాలని ఉబలాటం. ఏం రాయాలో తెలియదు గానీ, ఏదో ఒకటి రాసి అచ్చులో చూసుకోకపోతే ప్రాణం పోతుందన్నంత బాధ. (ప్రాణం పోలేదు లెండి. ఇప్పుడు మీ బుర్ర తింటున్నాను.)

మా నాన్న పురోహితులు. గుంటూరు బ్రాడీపేటలో సగం గృహప్రవేశాలు ఆయన చేతిమీదుగానే జరిగాయి. మనిషి వెన్నపూస, శకునాల దగ్గరికొస్తే మాత్రం ఉక్కుముక్క. నా పదో తరగతి లెక్కల పరీక్ష రోజున నేను గుమ్మం దాటుతుంటే పక్కింటి అత్తయ్యగారు తన దొడ్లో తాను తుమ్ముకుంది. అంతే! "ఆగు తల్లీ" అని నన్ను వెనక్కి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, గోడవైపు చెవి పెట్టి నిలబడ్డారు. ఒంటి తుమ్ము చెడ్డది, దానికి తోడు ఇంకోటి పడితే దోషం పోతుంది. ఆవిడ ఎంతకీ తుమ్మదే! అమ్మ వెళ్ళి, "వదినగారూ, ఏమనుకోకండి, ఇంకొక్కసారి తుమ్మండి, పిల్లకి టైమైపోతోంది" అని బతిమాలితే, పాపం ఆవిడ ముక్కులో దారప్పోగు పెట్టుకుని మరీ తుమ్మింది. నాన్న ఒప్పుకోలేదు. "కావాలని తుమ్మింది చెల్లదు" అన్నారు. నేను పరీక్ష హాల్లోకి వెళ్ళేసరికి అందరూ రెండో పేజీలో ఉన్నారు.

నాన్న స్నేహితుడొకాయన పట్నంబజారులో ప్రెస్సు నడిపేవాడు. కారం పాకెట్లకీ, పత్తివిత్తనాల పాకెట్లకీ కవర్లు వేస్తాడు కాబట్టి ఊరంతా ఆయన్ని కవర్లాయన అనేవారు. మాకు కవర్ల బాబాయి. ఆయన ఓసారి కొత్త మిషను చూడ్డానికని ఢిల్లీ వెళ్ళి, పుస్తకాల ప్రదర్శనలోకి దూరి, అక్కడ ఒక ఇంగ్లీషు దొరసానితో మాట కలిపి, మిషను బదులు ఒక బొమ్మల పత్రికని తెలుగులో వేసుకునే హక్కు కొనుక్కొచ్చాడు. (వంకాయలకని పంపితే కుక్కర్ తెచ్చే మనుషులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.) బ్రిటన్‌లో తాతల కాలం నుంచీ వారం వారం వస్తున్న పిల్లల బొమ్మల పత్రిక ఒకటుందట. దానికి అనుబంధంగా నెలకోసారి ఇంకొకటి మొదలెట్టారట, లావుగా, ఒకటే పెద్ద కథతో. తల్లిని కొనడానికి తన తాహతు చాలదు కనక బాబాయి పిల్లని తెచ్చుకున్నాడు. అందుకే ప్రెస్సులో అందరం దాన్ని పిల్ల పత్రిక అనేవాళ్ళం. తెనుగు చెయ్యడానికి నన్ను పిలిచాడు. "మొదటి సంచిక బండెక్కితే నువ్వు ఎడిటరువి అమ్మాయ్. ఎక్కకపోతే శుభలేఖల సెక్షన్లో కూర్చుని పెళ్ళికొడుకుల పేర్లు దిద్దుకో" అన్నాడు. అమ్మ అంతకన్నా తెలివైంది. పత్రిక బండెక్కకపోతే తిన్నగా బి.ఇడి. కాలేజీకే అని నాచేత ఒట్టు వేయించుకుంది. తుమ్మితే ఊడే ముక్కు అంటారే, సరిగ్గా అలాంటి ఉద్యోగం నాది.

తెనిగించడం నేననుకున్నంత తేలిక కాలేదు. బొమ్మలో కుర్రాడు టీచరు మొహాన పుడ్డింగు విసురుతాడు. "పుడ్డింగంటే మార్టూరులో ఎవడికి తెలుస్తుందమ్మాయ్, పూర్ణంబూరె అని పెట్టు" అంటాడు బాబాయి. "బొమ్మలో అది వణుకుతోంది బాబాయ్‌గారూ, బూరె వణకదు" అంటాను నేను. "చలికాలం అని రాసెయ్!" ఇలా రోజూ పోట్లాడుకుంటూనే కథంతా పూర్తిచేశాం. ఆ కథేమిటంటే, ఒక అల్లరి వెధవ హెడ్మాస్టరు బల్లమీద తుమ్ముల పొడి చల్లుతాడు. బడి బడంతా తుమ్ములతో దద్దరిల్లిపోతుంది. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం ప్రతి సంచిక అట్టకీ ఒక ఆటవస్తువు అతికించి ఇవ్వాలి. ఈ సంచికకి అక్కడ ఇచ్చింది తుమ్ముల పొడి అని రాసి ఉన్న ఉత్తుత్తి పొట్లం. లోపలున్నది మామూలు పిండే, పిల్లలు ఒకళ్ళనొకళ్ళు బెదిరించుకోవడానికి. మనమూ బియ్యప్పిండి పొట్లాలు కట్టిద్దామన్నాడు బాబాయి.

అన్ని పొట్లాలు చేత్తో ఎవరు కడతారు? మిషను కావాలి. గుంటూరులో పొట్లాలు కట్టే మిషను ఎక్కడుంటుంది? కారం మిల్లులో ఉంటుంది. బాబాయి బావమరిదిదే ఒక మిల్లుంటే, మిషను శుభ్రంగా కడిగించి బియ్యప్పిండి పోయించాడు. నన్ను పోయి చూసి రమ్మన్నాడు. నేను మిల్లు గేటులో అడుగుపెట్టానో లేదో, ఆ గాలికే కళ్ళూ ముక్కూ ఏకధారగా కారడం మొదలెట్టాయి. ఇక పొట్లంలో వాసన నాకేం తెలుస్తుంది? అక్కడ పనిచేసే అక్కలు మాత్రం ఒక పొట్లం చించి, ముక్కు దగ్గర పెట్టుకుని గుండెల నిండా పీల్చారు. "ఘాటేమీ లేదమ్మా! కమ్మగా పాలపిండిలా ఉంది" అన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు. ఏళ్ళ తరబడి కారంలో మునిగితేలిన ముక్కులవి. వాటికి తెలిసే ఘాటు ఈ భూమ్మీద ఇంకా పండలేదు. నేను కళ్ళు తుడుచుకుంటూ, "అంతా బాగుంది బాబాయ్‌గారూ" అని ఫోను చేసేశాను.

వేసవి సెలవులకి ముందు, మిర్చి యార్డుకి కాయ ముమ్మరంగా వస్తున్న రోజుల్లో, నాన్నే ముహూర్తం పెట్టారు. పొద్దున్నే మంచి ఘడియ, అది దాటితే వర్జ్యం, అంటే ఏ మంచి పనీ మొదలుపెట్టకూడని వేళ. ఒంగోలు నుంచి పుస్తకాల ఏజెంటు భాయ్ తన వ్యాను తనే నడుపుకుంటూ వచ్చాడు. చీరాల నుంచి పొదిలి దాకా బస్టాండు షాపులన్నిటికీ పుస్తకాలు వేసేది ఆయనే. ఆయన బండెక్కించుకుంటేనే మాకు అంగడి, లేకపోతే లేదు. దొరసాని కూడా చూడాలంది కాబట్టి వీడియో కాల్ పెట్టి, ఫోనుని ఒక కట్టకి ఆనించి నిలబెట్టాను. అక్కడ ఇంకా తెల్లవారలేదేమో, ఆవిడ దుప్పటి కప్పుకుని కూర్చుంది. నాన్న మంత్రం చదివారు, బాబాయి కొబ్బరికాయ కొట్టాడు. కట్టలకి తాడు బిగించి లాగారు. ఆ బిగింపుకి లోపలి పొట్లాలు ఎన్ని పగిలాయో ఏమో, సన్నగా పొగలాంటిది లేచింది. బాబాయి కళ్ళకద్దుకుని మొదటి కట్ట ఎత్తాడు. ఎత్తి, వ్యానువైపు అడుగేసి, కప్పు ఎగిరిపోయేలా తుమ్మాడు.

ప్రెస్సంతా బిగుసుకుపోయింది. "కూర్చో బాబూ" అన్నారు నాన్న. బాబాయి కట్టతో సహా కూర్చున్నాడు. నీళ్ళు తాగించాం. అందరం ఆయన ముక్కువంకే చూస్తుండగా రెండోది వచ్చింది. "జంట పడింది, లే బాబూ!" అన్నారు నాన్న ఆనందంగా. లేచాడు, మూడోది తుమ్మాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి జోడీ తుమ్ము నాకొచ్చింది. "వేరేవాళ్ళ తుమ్ముతో జత కుదురుతుందా పంతులుగారూ?" అని బాబాయి అడుగుతుంటే, సమాధానం చెప్పబోయిన నాన్నే తుమ్మారు. ఆ తర్వాత సరి ఏదో బేసి ఏదో ఎవరికీ తెలియలేదు. బైండింగు మనుషులు, అచ్చు ప్లేట్లు చేసే మనిషి, వీధిలో పోతూ తొంగిచూసినవాళ్ళు, అందరూ తుమ్ములే. ఫోనులో దొరసాని, "ఇది మీ సంప్రదాయమా?" అని నన్ను ఎంతో గౌరవంగా అడిగింది. అవునంటే ఒక తంటా, కాదంటే ఇంకో తంటా. అందుకని తుమ్మాను.

భాయ్ గడియారం చూసుకున్నాడు. "సార్, మాలో తుమ్మొస్తే దేవుడికి అల్‌హమ్‌దులిల్లా అని చెప్పుకుని పని కానిస్తాం. ఇందాకట్నుంచీ చెప్పీ చెప్పీ నోరెండిపోయింది. బండిలో కాలేజీ గైడ్లున్నాయి, మార్టూరువాళ్ళు ఫోన్లమీద ఫోన్లు. ఎక్కిస్తే ఎక్కించండి, లేదంటే నన్ను ఒదిలెయ్యండి" అన్నాడు. నేను కట్టలోంచి పగిలిన పొట్లం ఒకటి తీసి పిండి వేలికి రాసి చూశాను. తెల్లగా ఉండాల్సిన పిండి గులాబీ రంగులో ఉంది. ఎంత కడిగినా మిషను సందుల్లోంచి కారం పోలేదన్నమాట. "బాబాయ్‌గారూ, ఇందులో కారం కలిసింది. పిల్లల కళ్ళలో పడితే ఇంకేమన్నా ఉందా? పొట్లాలన్నీ పీకేసి పంపాలి" అన్నాను. పీకాలంటే ఇంకా ఎగురుతుంది, ఇంకా తుమ్ములొస్తాయి. బాబాయికి నీరసం వచ్చేసింది. "ఇన్ని తుమ్ముల మధ్య బండి కదిలించడమా? వద్దమ్మాయ్. దేవుడే వద్దంటున్నాడు. ఈ పత్రిక మనకి అచ్చిరాదు. ఆపేద్దాం. రేపట్నుంచి శుభలేఖల సెక్షన్లో కూర్చో" అన్నాడు.

నాకు ఏడుపొచ్చేసింది. అసలే కారానికి కారుతున్న కళ్ళు, అందులో ఇది ఏడుపని ఎవరికి తెలుస్తుందిలే అని ధైర్యంగా ఏడ్చేశాను. నాన్నకి తెలిసింది. ఆయన నావైపు ఒకసారి చూసి, ఉత్తరీయంతో ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"బాబూ, శాస్త్రం పూర్తిగా వినకుండా కంగారుపడకు. మిరప పండే సీమలో, కాయ ఇంటికొచ్చే కాలంలో, తుమ్ముకి శకునదోషం లేదు. యార్డులో కాయ ఉన్నన్నాళ్ళూ గుంటూరు జిల్లాకి తుమ్ము వర్తించదు."

"శాస్త్రంలో ఉందా పంతులుగారూ?" అన్నాడు బాబాయి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

"ఉంది."

"నేను పోయేది ప్రకాశం జిల్లా కదండీ?" అన్నాడు భాయ్.

"ఒంగోలు దాకా వర్తించదు."

"పొదిలి కూడా పోవాలి పంతులుగారూ!"

"పొదిలివాళ్ళు మాత్రం కూరల్లో చక్కెర వేసుకుంటున్నారటయ్యా? నువ్వు బండి తియ్యి!" అని నాన్న గట్టిగా కసిరారు. ఆయన కసరడం నేను చూడటం అదే మొదలు. ఆ తర్వాత పంచె ఎగ్గట్టి, అందరికన్నా ముందు ఆయనే కట్టల దగ్గర కూర్చుని పొట్లాలు పీకడం మొదలెట్టారు. తుమ్మడం, పీకడం, తుమ్మడం, పీకడం. పీకిన చోట అట్ట చిరిగి తెల్లగా కనబడుతున్నా పట్టించుకున్నవాళ్ళు లేరు. వర్జ్యం ఇంకా రాకముందే భాయ్ అల్‌హమ్‌దులిల్లా అంటూ తాళం తిప్పాడు. పిల్ల పత్రిక బండెక్కి ఒంగోలు రోడ్డు పట్టింది. దొరసాని దుప్పట్లోంచి చేతులు తీసి చప్పట్లు కొట్టింది. కథకి తగ్గట్టు మేమంతా కలిసి నాటకం వేశామనుకుందట. ఇంత గొప్ప ఆవిష్కరణ ఏ దేశంలోనూ చూడలేదని బాబాయికి ఉత్తరం కూడా రాసింది. మొదటి సంచిక బాగానే అమ్ముడుపోయింది. చిరిగిన అట్ట చూసిన పిల్లలు మాత్రం, "మా పొట్లం ఏ దొంగ పీక్కున్నాడు?" అని కార్డుల మీద కార్డులు రాశారు. పత్రిక కొన్నేళ్ళు నడిచి, అందరిలాగే అదీ ఒకనాడు ఆగిపోయింది గానీ, ఆ రోజు నిలబడ్డ నా ఉద్యోగం మాత్రం ఏదో ఒక రూపంలో ఇవాళ్టిదాకా నడుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున నేను మహా హుషారుగా, కలం పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను. "నాన్నా, రెండో సంచికలో 'మీకు తెలుసా' అని ఒక శీర్షిక పెడుతున్నాం. నిన్న మీరు చెప్పిన మిరపకాయల తుమ్ము సంగతి ఏ గ్రంథంలోది? శ్లోకం చెప్పండి, వేస్తాను" అన్నాను.

నాన్న నా చేతిలో కలం వంక చూశారు. తర్వాత మెల్లిగా, "వెయ్యకు తల్లీ" అన్నారు.

"ఎందుకు నాన్నా?"

"చదివినవాళ్ళు వచ్చి నన్ను అడుగుతారు."

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థం కాగానే పగలబడి నవ్వాను. నాన్న నవ్వలేదు. చెంబుతో నీళ్ళు తీసుకుని దేవుడి గదిలోకి వెళ్ళి జపానికి కూర్చున్నారు. రోజూ లేచే వేళ దాటిపోయినా లేవలేదు. నేనేమో ప్రెస్సుకి పరిగెత్తి, మా నాన్న శాస్త్రాన్నే కల్పించేశారోచ్ అని అందరికీ చెప్పి మరీ నవ్వించాను. పక్కింటావిడ కావాలని తుమ్మిన తుమ్ముని ఒప్పుకోని మనిషి, పదిమంది ముందు 'ఉంది' అని ఆ ఒక్క మాట అనడానికి లోపల ఎంత నలిగి ఉంటారో నాకు తట్టనేలేదు. నా కోసం అన్నారు. ఆ తలుపు వెనక కూర్చుని క్షమాపణ చెప్పుకుంటున్నదీ నా కోసమే. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఎడిటరు పిల్ల మీద నాకు నవ్వూ వస్తుంది, కాస్త కోపమూ వస్తుంది. దాన్ని ప్రెస్సు గుమ్మంలో ఆపి, "నవ్వింది చాల్లేవే! ఇంటికి పో, మీ నాన్న ఇంకా కాఫీ తాగలేదు" అని చెప్పాలనిపిస్తుంది.