కిటికీ కింద పెళ్లి

మేము అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కున్నప్పుడు పక్కింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. ఎనభై దాటిన అమెరికన్ మనిషి. నేను మెంతికూర కోసం మడి తవ్వుతుంటే కంచె మీంచి చూసి, "అక్కడ ఏం వేసినా వస్తుంది హనీ, మా తాత పందుల కొట్టం అక్కడే ఉండేది" అన్నారు. మా కాలనీ అంతా ఒకప్పుడు వాళ్ల అమ్మగారి పుట్టింటి పొలమని అప్పుడే తెలిసింది. అలా మొదలైంది మా స్నేహం.

పోయిన ఏడాది ఆవిడ చూపు బాగా తగ్గింది. టెనెసీలో ఉంటున్న కొడుకు తన దగ్గరకు తీసుకెళ్లిపోతానన్నాడు. సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, పాత బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఇవి మా అమ్మానాన్నల పెళ్లి ఫోటోలు. ఇప్పుడు నాకు ఉత్త మచ్చల్లా కనిపిస్తున్నాయి. మీ టీవీ పెద్దది కదా, అందులో చూపిస్తావా?"

ఒక్కో ఫోటో అరచేతిలో సగం కూడా లేదు. నేను ఫోన్‌తో స్కాన్ చేస్తుంటే మా ఆయన వాటిని టీవీ మీదకు పంపించారు. ఆవిడ సోఫా చివర కూర్చుని, తల పక్కకి తిప్పి, కంటి కొస నుంచి చూస్తున్నారు. చూపు అక్కడే కాస్త మిగిలింది.

తోటలో పెళ్లి. చిక్కుడు తీగలు పాకించిన కర్రలు, వాటి ముందు గుత్తులు గుత్తులుగా పూలమొక్కలు, వెనక రంగు వెలిసిన చెక్క ఇల్లు. పెళ్లికొడుకు కోటు చేతులు మణికట్టు దాకా రాలేదు. పెళ్లికూతురిది వాళ్ల పిన్ని గౌనట. నడుము దగ్గర వదులైతే వెనక పిన్నులు పెట్టారట. అవి 1930ల మాంద్యం నాటి, పండిన పంట కొనే దిక్కులేని రోజులు. ఊళ్లో బ్యాంకు మూసేశారు. కొత్త బట్టల ఊసు ఎవరూ ఎత్తలేదట. పంచదార లేక, తీపిజొన్న కాడల రసం ఇంట్లో కాచిన పాకంతోనే కేకు చేశారట.

మా ఆయన నా వైపు వంగి, "అదేంటి, ఒక్కళ్లూ కెమెరా వైపు చూడట్లేదు?" అన్నారు తెలుగులో.

నిజమే. పాస్టరుతో సహా అందరి ముఖాలూ ఇంటి వైపే ఉన్నాయి. ఆవిడనే అడిగాను.

ఆవిడ నవ్వారు. "ఫోటోలు తీసింది మా బాబాయి. అందరూ తన ఫోటోలు పాడు చేశారని చచ్చేదాకా సణిగాడు. వాళ్లు చూస్తోంది మా అమ్మమ్మని. ఆమెకి క్షయ. ఎవరి దగ్గరికీ రాకూడదు, మంచం దిగే ఓపికా లేదు. అందుకే చర్చిలో వద్దని, ఆమె గది కిటికీ కింద, తోటలో పెళ్లి పెట్టుకున్నారు. చలికాలం రాకముందే పోయింది. నేను పుట్టింది ఎన్నో ఏళ్ల తర్వాత. ఆమెది ఒక్క ఫోటో కూడా లేదు."

తెరమీద ఆ కిటికీ నల్లటి చతురస్రంలా ఉంది. మా ఆయన దాన్నే చూస్తూ, "ఈ షాడోస్ కొంచెం లైట్ చేసి చూడనా?" అన్నారు.

"ట్రై చెయ్యండి" అన్నాను. ఏదో కనిపిస్తుందని నేను అనుకోలేదు.

నలుపు మెల్లగా బూడిదరంగులోకి తిరిగింది. ముందు రెండు దిండ్లు తేలాయి. తర్వాత వాటికి ఆనుకున్న ఒక సన్నటి ముఖం, భుజం మీద జడ, కిటికీ గట్టు మీద ఒక చెయ్యి.

"లోపల ఒకావిడ ఉన్నారు" అన్నాను.

పెద్దావిడ లేచి, సోఫా పట్టుకుంటూ టీవీ దగ్గరికి నడిచారు. ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా నిలబడి, ఇటు నుంచీ అటు నుంచీ చూశారు. "నవ్వుతోందా? నాకు నోరు తెలియట్లేదు, నువ్వు చెప్పు" అన్నారు.

నవ్వుతున్నారని చెప్పేయాలనిపించింది. కానీ మళ్లీ చూశాను. "నోరు తెరిచి ఉంది. గట్టిగా ఏదో అంటున్నట్టుంది."

"అయితే అదే!" అన్నారావిడ. "పూలు చీపురు పట్టుకున్నట్టు పట్టుకున్నావు, సరిగ్గా పట్టుకో అని పెళ్లి మధ్యలో కేకేసిందట. మా అమ్మ ప్రతి పెళ్లిరోజుకీ ఈ మాట చెప్పి నవ్వేది. ఆ తర్వాత ఏడ్చేది."

పెళ్లికూతురి వైపు చూశాం. పూలగుత్తి నిజంగానే తలకిందులుగా మోకాలి దగ్గర వేలాడుతోంది. ముగ్గురం ఒకేసారి నవ్వాం. ఆవిడ నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ రాత్రి మా పెళ్లి ఆల్బమ్ తీశాను. ఫోటోగ్రాఫర్ చెప్పినట్టే అందరం బుద్ధిగా కెమెరాలోకి చూస్తున్నాం. అందులో మా అమ్మ నన్ను చూస్తున్న ఫోటో కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

ఆ పాత ఫోటోలో కిటికీ భాగం వరకే పెద్దగా ప్రింట్ చేయించి ఆవిడకి ఇచ్చాం. టెనెసీ వెళ్లాక ఫోన్ చేశారు. మంచం పక్క గోడకి కొట్టించుకున్నారట. "ఎవరు ఆ గదిలోకి వచ్చినా, ఈమె మా అమ్మమ్మ అని వేలు పెట్టి చూపిస్తున్నాను హనీ. ఇన్నేళ్లకి" అన్నారు. తర్వాత అక్కడి చలి గురించి, కోడలి కాఫీ గురించి చాలాసేపు విసుక్కున్నారు.