చివరి వరస

ఆస్పత్రి కింది గదిలో నెట్‌వర్కు చూసుకునే ఆయన్ని అందరూ వరసలాయన అంటారు. ఏ సమాచారం ముందు పోవాలో తేల్చేది ఆయనే: మొదట ఆపరేషన్ థియేటరు, తర్వాత డాక్టర్లు, అన్నిటికన్నా చివర చూడవచ్చినవాళ్ల వైఫై. "ఆలస్యంగా వచ్చిన మాటను ఫోను పారేస్తుందండీ, మళ్లీ రమ్మన్నా రాదు" అని కళ్లద్దాలు తుడుచుకుంటూ కొత్తవాళ్లకు చెబుతాడు. ఒక మధ్యాహ్నం వేరే ఊరి సర్జన్ ఈ నెట్‌వర్కు మీదే, తెర మీద చూస్తూ ఇక్కడి థియేటరులో ఆపరేషన్ చేయిస్తున్నాడు. పై వార్డులో చివరి ఘడియల్లో ఉన్న అమ్మ దగ్గర్నుంచి ఆయన అక్క చూడవచ్చినవాళ్ల వైఫై మీదే ఫోన్ చేసి, "అమ్మ నీతో మాట్లాడుతుందట్రా" అని అమ్మ పెదాల దగ్గర పెట్టింది. "నాన్నా..." తర్వాత అన్నీ తునకలే. వరస మార్చడం ఆయనకు చిటికెలో పని. మార్చలేదు, మెట్లెక్కి పరుగెత్తాడు. వెళ్లేసరికి అమ్మ పోయింది. "నాకు వినబడకుండా అంత మెల్లగా ఏం చెప్పిందిరా?" అని అక్క ఇప్పటికీ అడుగుతుంది. "నిన్ను బాగా చూసుకోమందక్కా" అంటాడాయన.