గురువారం నాలుగింటికి

డెస్మండ్ ప్రాసర్ ఇరవై ఆరేళ్లు ఆఫ్రికాలోని మలావీలో బోరుబావులు తవ్వించి, అరవై ఆరో ఏట ఇంగ్లండులోని లెమ్‌స్టర్‌కు తిరిగొచ్చాడు. పుట్టిన ఊరే కదా, కాళ్లు వాటంతటవే దారి పట్టుకుంటాయనుకున్నాడు. కాళ్లు బాగానే పట్టుకున్నాయి, నోరే దారి తప్పింది. బస్టాపులో ముక్కూమొహం తెలియని ఓ పెద్దమనిషిని పట్టుకుని, మలావీలో పలకరించినట్టే, రాత్రి బాగా నిద్రపట్టిందా, ఇంట్లో అందరూ కులాసానా అని అడిగాడు. ఆ పెద్దమనిషి బస్సు కోసం ఆగకుండా తర్వాతి స్టాపుకు నడిచి వెళ్లిపోయాడు.

మలావీలో ఆయన గుమ్మం ఏనాడూ ఖాళీగా లేదు. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ తప్ప తలుపు దాకా వచ్చేవాళ్లు లేరు. డెస్మండ్‌కు కావలసిందల్లా, వెళ్లి కాసేపు కూర్చోగలిగిన ఇల్లు ఒక్కటి. ఆ మాట పైకి అనడం మాత్రం ఇరవై ఆరేళ్ల మలావీ కూడా ఆయనకు నేర్పలేదు.

పక్కింటి గిటిన్స్ గారు భర్త పోయి నాలుగేళ్లుగా ఒంటరిగా ఉంటోంది. డెస్మండ్ వచ్చిన మూడో రోజున కంచె మీదుగా, "మీరొకసారి మా ఇంటికి టీకి రావాలండీ" అంది. డెస్మండ్ మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా అరడజను టమాటాలు పట్టుకెళ్లి, మలావీ అలవాటు చొప్పున గేటు దగ్గర నిలబడి గట్టిగా కేకేశాడు. ఆవిడ జుట్టుకు చుట్టిన క్లిప్పులతోనే తలుపు తీసి, ఎంత మంచి పని చేశారండీ అంది. టీ ఇచ్చింది. ఆయన రెండు గంటలు కూర్చుని, చిన్నప్పుడు అమ్మ చేసిపెట్టిన షాజీరా కేకుతో సహా తన జీవితమంతా చెప్పుకొచ్చాడు. ఆవిడ ఆ క్లిప్పులతోనే అంతా విన్నది.

హెరిఫర్డ్‌లో ఉండే అక్క బెరిల్ ఫోన్లో ఈ సంగతి విని నెత్తి కొట్టుకున్నంత పని చేసింది.

"ఒరేయ్ డెస్, టీకి రమ్మనడం పలకరింపురా. పలకరిస్తే వెళ్లి కూర్చుంటారా ఎవరైనా?"

"మరి నిజంగా పిలిస్తే ఎలా తెలుస్తుందక్కా?"

"తెలిసేవాళ్లకు తెలుస్తుంది."

డెస్మండ్ సిగ్గుతో చచ్చిపోయాడు. సరిగ్గా పిలవందే ఎవరి గుమ్మమూ తొక్కనని ఒట్టేసుకున్నాడు. నెల తర్వాత గిటిన్స్ గారు బట్టలు ఆరేస్తూ, వాన గురించి ఓ పది నిమిషాలు మాట్లాడింది. ఆ తర్వాత ఇటు చూడకుండానే, "గురువారాలు నాలుగింటికి నేను మామూలుగా ఇంట్లోనే ఉంటాను" అంది.

"మంచిదండీ, విశ్రాంతిగా ఉంటుంది" అన్నాడు డెస్మండ్. ఇక్కడి పద్ధతి తనకు మళ్లీ పట్టుబడుతోందని ఆ సాయంత్రమంతా మురిసిపోయాడు.

ఆ తర్వాత మూడు శుక్రవారాలు ఆవిడ పెరట్లో పిట్టలకు పండగే. వాటికి మేత పెట్టే బల్ల మీద ఓ కేకు మొత్తం ముక్కలు చేసి పోసేది. పిట్టలంటే ఈవిడకు ఎంత ప్రేమో అనుకున్నాడు. మూడో శుక్రవారం ఓ పావురం ముక్కు నుంచి కేకు ముక్క జారి కంచెకు ఇవతల పడింది. తీసి చూస్తే అందులో షాజీరా ఉంది. అమ్మ చేసే కేకే, తను ఆవిడకు చెప్పిందే. లోపలికెళ్లి అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"రోజు చెప్పింది, టైము చెప్పింది. ఇంకేం చెయ్యాలిరా, బ్యాండుమేళం పెట్టించాలా?"

"ఇంట్లో ఉంటానంది అంతే కదక్కా. రమ్మనలేదు."

"నోరు తెరిచి రమ్మన్నాక నువ్వు రాకపోతే ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

వెంటనే వెళ్దామని లేచాడు. శుక్రవారమని గుర్తొచ్చి కూర్చున్నాడు. ఆవిడ విసిగిపోయి ఇక కేకు చేయడం మానేస్తుందేమోనని ఆరు రోజులూ భయపడ్డాడు. నీళ్లు పడతాయో లేదోనని ఏ బోరు దగ్గరా ఆయన అంత భయపడలేదు.

గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగు దాటిన రెండు నిమిషాలకు వెళ్లి, కేకేయకుండా మెల్లగా తలుపు తట్టాడు. గిటిన్స్ గారు తలుపు తీసింది. జుట్టు చక్కగా దువ్వుకుని, చెవులకు ముత్యాలు పెట్టుకుని ఉంది.

"అరె, మీరా. ఎవరో అనుకున్నాను" అంది. ఆవిడ వెనక బల్ల మీద రెండు కప్పులు, ఇంకా కోయని కేకు కనిపిస్తున్నాయి.

డెస్మండ్ వాటిని చూడనట్టే చూశాడు. ఆ రెండిళ్లకూ మధ్య ఉన్నది ఆ కంచె ఒక్కటే.

"ఇటుగా పోతున్నానండీ" అన్నాడు. "ఊరికే ఆగాను."