మా ఊరి మోరీయా గుట్ట

పోయిన నెలలో మా అన్న కోదాడలో ప్రభువునందు నిద్రించాడు. తొంభై దాటిన మనిషి, అన్నీ చూసి వెళ్లిన మనిషి అని మనసు సర్దుకోవలసిందే గానీ, నా మోకాళ్లు సహకరించక కడసారి చూపుకు కూడా నేను పోలేకపోయాను. నా బదులు నా మనవడు మిర్యాలగూడ నుంచి మోటారు సైకిలు మీద పోయి, పిడికెడు మట్టి వేసి, పొద్దు గుంకేలోగా తిరిగివచ్చాడు. బండి చప్పుడు వినగానే నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను, వాడు గడపలో నిలబడి ఒక మాట చెబుతాడని. వాడు తిన్నగా స్నానానికి పోయాడు. ఎనభై దాటిన ముసలిదాన్ని, ఒక్క మాట కోసం అట్లా ఎందుకు కాచుకొని కూర్చున్నానో చెప్పాలంటే రజాకార్ల రోజుల దాకా వెనక్కి నడవాలి. తలుపు చప్పుడైతే ఇప్పటికీ గొళ్లెం వైపు చూసే అలవాటున్న నా ఈడువాళ్లకు ఆ రోజుల గురించి పెద్దగా చెప్పనక్కరలేదు.

మాది గరిడేపల్లి దగ్గర ఒక చిన్న పాలెం. మా నాయనమ్మ మిషను తరఫున వాక్యం చెబుతూ చుట్టుపక్కల ఊళ్లు తిరిగేది. చదువు ఆమెకు బైబిలు ఒక్క పుస్తకం మేరకే వచ్చు, లోకం సూర్యాపేట మేరకే తెలుసు. అయినా అబ్రాహాము ఎక్కడ గుడారం వేశాడో, యాకోబు ఎక్కడ రాయి తలకింద పెట్టుకొని పడుకున్నాడో పిల్లలకు కంటికి కట్టాలని ఆమెకు మహా పట్టుదల. అందుకని వేదంలోని ఊళ్లన్నిటినీ తెచ్చి మా పొలిమేరల్లో దించేసింది. పాలెం వెనకాల రాతి బావి బెయేర్షెబా. చౌడు నేలలో ఒంటరిగా నిలబడ్డ తెల్లరాయి, వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైపోయిన లోతు భార్య, దాని పక్కగా పోతే మేము వెనక్కి తిరిగి చూసేవాళ్లం కాదు. కోదాడ దాటినాక వచ్చే పాలేరు యొర్దాను నది, దాని అవతల తెల్లదొరల రాజ్యంలో ఉన్న ఆంధ్రదేశం దేవుడిస్తానన్న కనాను. తూర్పున తుమ్మపొదలతో గరుకుగా కనిపించే గుట్ట మోరీయా. జనాన్ని బానిసలుగా పట్టిన ఫరో ఇల్లు ఏదో మాత్రం ఆమె ఎన్నడూ చెప్పలేదు, మేమూ అడగలేదు, ఊళ్లో దొర గడీ ఒక్కటే గనుక.

అన్న నాకంటే ఏడెనిమిదేండ్లు పెద్ద. వాడికి ఇస్సాకు అని పేరు పెట్టింది నాయనమ్మే. అబ్రాహాము దేవుని మాట మీద తన ఒక్కగానొక్క కొడుకు ఇస్సాకును బలి ఇవ్వడానికి మోరీయా కొండకు తీసుకపోయిన కథ చెప్పేటప్పుడు అన్న నెత్తి మీద నిజంగానే కట్టెల మోపు పెట్టి వాకిట్లో నడిపించేది. తండ్రి చేతిలో నిప్పు, కత్తి. కొడుకు నెత్తిన కట్టెలు. తండ్రి కత్తి ఎత్తిన దగ్గర ఆమె ఆగి, తీరుబడిగా వక్క నోట్లో వేసుకునేది. ముళ్లపొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనబడేదాకా నాకు ఊపిరాడేది కాదు. పొట్టేలు దొరికింది, కొడుకు బతికాడు అని మేము లేవబోతే ఆమె కూర్చోబెట్టి, ఆ వెంటనే తల్లి శారా చనిపోవడమూ, అబ్రాహాము ఏడ్చి ఆమె కోసం మక్పేలా గుహ కొనడమూ చెప్పేది. ఆ రెండు కథలను ఆమె ఎన్నడూ విడదీసి చెప్పలేదు. శారా ఎందుకు చచ్చిపోయిందని ఒకసారి అడిగితే, కొడుకు మీద బెంగతో అయి ఉంటుందన్నది. అట్లా అని వేదంలో లేదని నేను బడిపంతులమ్మనై సొంతంగా చదువుకున్న తర్వాత గానీ నాకు తెలియలేదు.

ఆ ఏడు ఊళ్లలో పగలు ఒకరి భయం, చీకటి పడితే ఒకరి భయం. నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం మోశారని అనుమానం వచ్చిన పిల్లల్ని పోలీసులు, రజాకార్లు కలిసివచ్చి సూర్యాపేటకు పట్టుకపోయేవాళ్లు. పోయినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు తక్కువ, వచ్చినా కాళ్లు చేతులు సరిగా ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. పక్క పాలెంలో అన్న ఈడు పిల్లగాన్ని పట్టుకపోయిన మర్నాటి నుంచి మా అమ్మ పొయ్యి మీద నీళ్లు చల్లి వంట తొందరగా ముగించేది, పొగ చూసి ఎవరైనా వస్తారని. అన్న అన్నం మోశాడో లేదో ఆనాడు నాకు తెలియదు. వాడి పేరు ఎవరో చెప్పారన్న మాట మాత్రం ఇంట్లో గుసగుసగా తిరుగుతుండేది, నన్ను చూడగానే ఆగిపోయేది.

ఒకనాడు తెల్లవారుజామున లేచి చూసేసరికి వాకిట్లో నాయిన కత్తి నూరుతున్నాడు. నాయినకు చుట్ట అలవాటు, దాని మీద నాయనమ్మ సణగని రోజు లేదు, అందుకని నడుముకు చెకుముకి సంచి ఎప్పుడూ వేలాడుతుండేది. కత్తి మొలలో దోపుకొని, కట్టెల మోపు ఎత్తి అన్న నెత్తిన పెట్టాడు. ఎక్కడికని అడిగితే నా తల నిమిరి ముందుకు కదిలాడు. కట్టెలకు పోయేవాళ్లు ఖాళీ చేతులతో పోయి మోపుతో వస్తారు గానీ, మోపు ఎత్తుకొని గుట్ట వైపు పోవడమేమిటి? అమ్మ గడప దాటి బయటికి రాలేదు. కంప పక్కన నిలబడి, తండ్రి ముందు, కొడుకు వెనక, ఇద్దరూ గుట్ట మలుపు తిరిగేదాకా చూశాను. మిట్ట మధ్యాహ్నం గుట్ట మీద సన్నగా పొగ లేచింది. నేను తింటున్న జొన్న గటక అక్కడే వదిలేసి కంప దాకా పరుగెత్తాను.

రెండు మూడు రోజులకు నాయిన తిరిగివచ్చాడు. కత్తి ఉన్నది, చెకుముకి ఉన్నది, కట్టెలు లేవు, అన్న లేడు. వచ్చినవాడు వచ్చినట్టే నడి వాకిట్లో కూలబడి, పెద్దవూరలో చుట్టాలింటికి తీసుకపోతే అక్కడ కలరా గత్తర తగిలి పిల్లగాడు చచ్చిపోయాడనీ, అక్కడే మట్టి చేసి వచ్చాననీ పాలెమంతా వినేటట్టు ఏడ్చాడు. అమ్మ రొమ్ము బాదుకుంది. నాయనమ్మ మాత్రం గోడకు చేరగిలబడి, పెదవులు బిగపట్టుకొని కూర్చుంది. పెద్దవూర పడమట ఉన్నదనీ, వాళ్లు పోయింది తూర్పుకనీ నాకొక్కదానికే తట్టింది.

పోలీసు అమీను, వెంట నలుగురు తుపాకుల వాళ్లు వచ్చింది ఆ వారంలోనే. పిల్లగాడేడని గద్దిస్తే నాయిన చేతులు జోడించి నిలబడి, "నా కొడుకు సచ్చిండు సాబ్, ఇగ లేడు" అన్నాడు. వాళ్లు గుడిసె అంతా చూసి, గాదె పొడిచి, అమ్మ ఏడుపు కాసేపు విని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి నాయనమ్మ కథలు చెప్పడం మానేసింది. ఎవరడిగినా నోరు బాగా లేదని తప్పించుకునేది. నాకైతే అన్నిటికీ అర్థం ఒకటే కనిపించింది, ఇంతమంది దాస్తున్నది ఆ గుట్ట మీద జరిగినదాన్నే.

అయితే ఒక ఆశ మిగిలింది. పొట్టేలు దొరికి ఉంటే అన్న బతికే ఉంటాడు గదా. గుట్ట కింద మందను మేపుకునే ముసలాయన దగ్గరికి పోయి, నీ మందలో పొట్టేలు ఏదైనా తప్పిపోయిందా తాతా అని అడిగాను. ఆయన మందను ఒకసారి కలియజూసి, ఒక్కటి కూడా పోలేదని ధీమాగా చెప్పి, మీ నాయినేమన్నా కోసుకతిన్నాడా ఏందని నవ్వాడు. ఒక్కటంటే ఒక్క పొట్టేలు పోయిందని అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండేదని, చౌడు నేలలో ఆ తెల్లరాయి పక్కన కూర్చొని ఏడ్చాను.

ఇక అప్పటి నుంచి నా కళ్లు అమ్మ మీద పడ్డాయి. కొండ తర్వాత వచ్చేది శారా చావు. నాయనమ్మ కథలో ఆ వరుస ఎన్నడూ తప్పలేదు. అమ్మ నీళ్లకు పోతే వెంట పోయేదాన్ని, కలుపుకు పోతే గట్టున కూర్చునేదాన్ని, పడుకుంటే ఆమె కొంగు నా వేలికి చుట్టుకునేదాన్ని. అమ్మ నానాటికీ చిక్కిపోయింది. కంచంలో చెయ్యి పెట్టి ఎటో చూస్తూ ఉండిపోయేది. నాయిన చేత్తో ఇచ్చిన ముద్ద నేను తినేదాన్ని కాదు, ఆయన పిలిస్తే నాయనమ్మ వెనక్కి నక్కేదాన్ని. పాపం, పోయిన అన్న మీద బెంగ అనుకొని ఆయన తల తిప్పుకొని చుట్ట వెలిగించుకునేవాడు.

వానలు మొదలయ్యే ముందు అమ్మకు జ్వరం పట్టుకుంది. పసర్లతో దిగలేదు. మిర్యాలగూడ దవాఖానకు తీసుకపోవాలని నాయిన చిన్నాయన చేత బండి కట్టించి, గడ్డి మీద బొంత పరిచి అమ్మను పడుకోబెట్టాడు. దారిలో అవసరమని కత్తి కూడా బండిలో పెట్టాడు. అది చూడగానే నాకు ఒళ్లు తెలియలేదు. పోయి బండి చక్రాన్ని రెండు చేతులా పట్టుకొని అరిచాను.

"అమ్మను గూడ గుట్టకు తీస్కపోతున్నవా నాయినా? అన్నను కోసినట్టు కోస్తవా?"

చిన్నాయన నోరు తెరిచి చూశాడు. నాయనమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయిన నన్ను ఎత్తి బండిలో అమ్మ పక్కన కూర్చోబెట్టి, బండి ఊరు దాటి బెయేర్షెబా బావి దగ్గరికి రాగానే ఎద్దులకు నీళ్లు తెమ్మని చిన్నాయనను పంపి, నా ముందు నేల మీద కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూసింది అదే మొదలు.

"నీ అన్నను పాలేరు అవుతల మీ మేనత్త ఇంట్ల ఇడిసొచ్చిన బిడ్డా. మంచిగున్నడు. గీ మాట నీ నోట్ల నుంచి బయటికొస్తే మాత్రం వాడు బతకడు."

మరి తాత మందలో పొట్టేలు పోలేదు గదా అని అడిగాను. దాని అవసరం రాలేదన్నాడు. గుట్ట మీద పొగ సంగతి ఆయనకూ తెలియదు, గొర్రెల వాళ్లెవరో గడ్డి కాల్చుకొని ఉంటారన్నాడు. సగం నమ్మాను, సగం నమ్మలేదు. అమ్మ బొంతలోంచి చెయ్యి చాచి నా కాలు పట్టుకొని, ఔనన్నట్టు నొక్కింది. ఆ వేడి చెయ్యి చెప్పిందే ఎక్కువ నమ్మాను.

మిర్యాలగూడలో అమ్మ జ్వరం దిగింది. నా భయం మాత్రం దిగలేదు, మరో రూపం పట్టింది. అంత పెద్ద మాట అంత చిన్న కడుపులో దాచుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. నిద్రలో పలవరిస్తానేమోనని నోట్లో గుడ్డ కుక్కుకొని పడుకునేదాన్ని. తుపాకుల వాళ్లు దారిన పోతుంటే పెదవులు లోపలికి మడుచుకునేదాన్ని. నాకు పెద్దయ్యాక అర్థమైంది ఇంకొకటి ఉన్నది. మంచిగున్నడని నాయిన నాతో చెప్పిన రోజుకు, వాడు ఎట్లా ఉన్నాడో ఆయనకూ తెలియదు. విడిచివచ్చిన తర్వాత అవతలి నుంచి ఒక్క కబురు లేదు. అమ్మ చిక్కిపోయింది అందుకే.

హైదరాబాదు రాజ్యం యూనియన్లో కలిసిన తర్వాత, దారులు తెరిపిన పడ్డ రోజుల్లో, ఒక సాయంత్రం అన్న నడుచుకుంటూ వచ్చాడు. పొడుగయ్యాడు, మీసం మొలిచింది. వాకిట్లో నిలబడి, బాగున్నారా అండీ అని అటువైపు మాటలతో పలకరిస్తే అమ్మ ఏడుస్తూనే నవ్వింది. పాలెం వాళ్లు చచ్చి వచ్చినోడని పేరు పెట్టారు, అది వాడిని కడదాకా వదలలేదు. గుట్ట దగ్గర నీకు భయం కాలేదా అని నేను చాటుగా అడిగాను. గుట్ట మలుపు తిరిగేదాకా వాడికీ భయమేనట, పొట్టేలు కోసం పొదలన్నీ వెతుక్కుంటూ నడిచాడట. కోదాడ సంతలో ఆ కట్టెలు అమ్మి నాయిన మిరపకాయ బజ్జీలు కొనిపెట్టిన తర్వాతే భయం పోయిందన్నాడు. ఆ రోజు మాపటికి నాయనమ్మ పుస్తకం మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

అప్పటి నుంచి నాయినకు ఒక అలవాటు ఏర్పడింది. ఎవరిని వెంటబెట్టుకొని ఎక్కడికి పోయినా, తిరిగి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ముందు నా దగ్గరికి వచ్చి, ఫలానావాళ్లను ఫలానాచోట ఇడిసొచ్చిన, మంచిగున్నరు అని చెప్పేవాడు. అమ్మను పుట్టింట్లో దించివచ్చినా అదే మాట, ఆవును అమ్మివచ్చినా అదే మాట. నాకు పెండ్లయి పిల్లలు పుట్టినా మానలేదు. ఆయన పోయినప్పుడు నేను బాలింతను, గుంట దాకా పోలేదు. మట్టి చేసి వచ్చిన అన్న గడపలో నిలబడి, "నాయినను బాయికాడ ఇడిసొచ్చినం చెల్లె, మంచిగున్నడు" అన్నాడు. అమ్మ పోయినప్పుడూ ఆ మాట అనడానికి అన్న ఉన్నాడు.

ఇప్పుడు మా గుట్ట సగం లేదు. క్రషర్ పెట్టి తొలిచేస్తున్నారు, మిగిలిన సగం లారీల దుమ్ములో సరిగా కనబడదు. ఆదివారం బడిలో పిల్లలకిచ్చే రంగుల బొమ్మల్లో పొట్టేలు నవ్వుతూ ఉంటుంది, కత్తి అసలు గీయరు. నా మనవడు స్నానం చేసి వచ్చి ఫోను తెరిచి అన్నీ చూపించాడు. పెట్టె, పూలు, పాట పాడే జనం, కొత్త మట్టి మీద సిలువ, అన్న ముఖం దగ్గరగా. కోదాడ చేరగానే మెసేజు పెట్టాను గదా అమ్మమ్మా, చూడలేదా అన్నాడు. వాడి తప్పేమీ లేదు, ఆ మాట ఒకటి ఉన్నదని వాడికి చెప్పినవాళ్లు ఎవరున్నారు గనుక. నేను బొమ్మలన్నీ చూసి, బాగా చేశారని చెప్పి, వాడు లోపలికి పోయిన తర్వాత గడప వైపు తిరిగి నాకు వినబడేటంత మెల్లగా అనుకున్నాను, అన్నను కోదాడల ఇడిసొచ్చినం, మంచిగున్నడు.