జివ్వుమనే నల్లా

మా అత్తమ్మ చేతులకు ఏదో నరాల జబ్బు ఉందని మా ఇంట్లో అందరం ఏడు నెలలు నమ్మాం. ఆ నమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను. పైగా నేను సైన్సు టీచర్‌ని. చివ్వెంల దాటాక ఒక ఊళ్ళో హైస్కూలు పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్తాను. తడి చేతులతో స్విచ్చి ముట్టుకోకూడదని బోర్డు మీద రాసి, పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చి, సరిగ్గా రాయనివాళ్ళకు మార్కులు కోస్తాను. సాయంత్రం బస్సు దిగి సూర్యాపేటలో మా ఇంటికి చేరేసరికి ఆ చదువు ఎటు పోయేదో నాకే తెలియదు.

మా ఇంటి వెనక వరండాలో ఒక నల్లా, దాని కింద గిన్నెలు తోమే గచ్చు ఉన్నాయి. పక్కనే వాషింగ్ మిషను. జాగా చాలక దాన్ని నల్లా ఇనుప గొట్టానికి ఆనించి పెట్టాం. ఇంట్లో మేమంతా రబ్బరు చెప్పులు వేసుకునే తిరుగుతాం. అత్తమ్మకు మాత్రం ఇంట్లో చెప్పులంటే ఏవగింపు. పనిమనిషి తోమిన గిన్నెలంటే ఇంకా ఏవగింపు. అందుకని పొద్దున్నే ఒట్టికాళ్ళతో ఆ తడి గచ్చు మీద కూర్చుని మళ్ళీ తోముకునేది.

ఒకరోజు వంటింట్లోకి వచ్చి, అరచెయ్యి నా మొహం ముందు పెట్టింది.

"నల్లా ముట్టుకుంటె చెయ్యి జివ్వుమంటున్నది బిడ్డా. జర సూడు."

వెళ్ళి చూశాను. చెప్పులతోనే వెళ్ళి, నల్లా తిప్పి, కట్టేసి వచ్చాను. "ఏం లేదు కదా అత్తమ్మా" అన్నాను.

"నాకైతే అంటున్నది" అని మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

మా ఇంట్లో కరెంటు విషయం ఏదైనా సరే మిర్యాలగూడకు ఫోన్ వెళ్తుంది. అక్కడ మా ఆడబిడ్డ భర్త ఉంటారు. నాకు అన్నయ్య వరస. దామరచర్ల దగ్గరి థర్మల్ ప్లాంటులో ఉద్యోగం. రాష్ట్రానికే కరెంటు పంపే చోట పనిచేసే మనిషికి మా వరండా ఒక లెక్కా అని అందరి అభిప్రాయం, మొదటగా ఆయన అభిప్రాయం. ఆయన పనిచేసేది స్టోర్స్‌లో. వచ్చినవాళ్ళకు హెల్మెట్లు, చేతి తొడుగులు ఇచ్చి రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు. ఈ సంగతి మాకు తెలియక కాదు, దాన్ని ఎవరం పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు. మేం ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు వైరింగంతా ఆయనే దగ్గర నిలబడి చేయించారు. గృహప్రవేశంలో అందుకు ఆయనకు పెద్దంచు పంచె పెట్టాం.

ఆ ఆదివారమే ఆయన దిగారు. బూట్లు కూడా విప్పకుండా వరండాలోకి వెళ్ళి, జేబులోంచి టెస్టర్ తీసి నల్లాకు ఆనించారు. వెలగలేదు. గొట్టానికి ఆనించారు. వెలగలేదు. మిషనుకు ఆనించారు. అప్పుడూ వెలగలేదు.

"అత్తమ్మా, కరెంటు నల్లాల లేదు, నీ నరాలల్ల ఉన్నది. మిర్యాలగూడల మంచి డాక్టరున్నడు, తోల్కపోత" అన్నారు.

అందరం నవ్వాం. అత్తమ్మ నవ్వలేదు.

ఆ డాక్టరు మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి, కళ్ళలోకి లైటు వేసి, వయసు, బలహీనత, దానికి తోడు ఆందోళన అని తేల్చి నెలకు సరిపడా మాత్రలు రాశాడు. కొన్నాళ్ళు చన్నీళ్ళలో చెయ్యి పెట్టొద్దన్నాడు. అత్తమ్మ వారం రోజులు నల్లా జోలికి పోలేదు. చేతులు బాగైపోయాయి. మాత్రలు ఎంత బాగా పనిచేశాయో అని మా ఆయన బంధువులందరికీ చెప్పుకున్నాడు. వారం తర్వాత ఆవిడ మళ్ళీ గచ్చు మీద కూర్చుంది, మళ్ళీ జివ్వుమంది. డాక్టరు మోతాదు పెంచాడు. ప్రతి ఆదివారం ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బాలో ఆ మాత్రలు సర్దింది నేనే. నరాలు కూడా చిన్నపాటి విద్యుత్తుతోనే పనిచేస్తాయని, కాబట్టి అలా అనిపించడం సహజమేనని ఆవిడకు పాఠం కూడా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే ఆ ఇద్యుత్తు నేను నల్లా ఇడిచిపెట్టంగనే ఎందుకు పోతున్నది?" అని అడిగింది. మా స్కూల్లో ఏ పిల్ల అయినా ఈ ప్రశ్న అడిగి ఉంటే చప్పట్లు కొట్టించేదాన్ని. అత్తమ్మకు మాత్రం మాత్ర వేసుకోమని చెప్పాను.

మేం ఎవరం పట్టించుకోకపోయేసరికి ఆవిడే ఒక ఉపాయం చేసుకుంది. పాత చీర చింపి నల్లాకు నాలుగు మడతలు చుట్టింది. గుడ్డ పొడిగా ఉన్నంతసేపు చెయ్యి బాగుండేదట. తడిస్తే విప్పి ఎండేసి ఇంకోటి చుట్టేది. మా ఆయన దాన్ని ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మిర్యాలగూడ నుంచి వరసగా నవ్వే బొమ్మలు వచ్చాయి.

తర్వాత అన్నయ్యకు ప్రమోషన్ వచ్చింది. ఆ సంతోషానికి ఒక ఆదివారం మా ఇంట్లో నాటుకోడి కూరతో భోజనాలు పెట్టుకున్నాం. అదే రోజు మా చిన్నమ్మ కూడా వచ్చింది. సూర్యాపేటలో ఏదో పెళ్ళికి వచ్చి, నన్ను చూసిపోదామని ఆగింది. చిన్నమ్మకు కోదాడలో మోటారు వైండింగు దుకాణం ఉంది. చిన్నాన్నకు చూపు తగ్గాక రాగితీగ చుట్టే పని ఆవిడ చేతికి వచ్చింది. మేళ్లచెరువు వైపు నుంచి కూడా రైతులు కాలిపోయిన బోరు మోటార్లను వెతుక్కుంటూ ఆవిడ దగ్గరికే తెస్తారు. మా అత్తవారింట్లో మాత్రం ఆవిడను "దుకాణంల కూసునే ఆమె" అంటారు. భోజనాల దగ్గర అన్నయ్య కరెంటు ఎలా పుడుతుందో, బొగ్గు దగ్గర మొదలుపెట్టి, ఆవిడకే వివరించారు. చిన్నమ్మ ఎముక చప్పరిస్తూ, మా అత్తవారింటి అల్లుడన్న మర్యాదతో "అవునా అల్లుడు గారూ, అట్టాగా" అంటూ అంతా విన్నది.

ఆ పొద్దున ఇల్లు సర్దుతూ నేనో పని చేశాను. చుట్టాల ముందు బాగుండదని నల్లాకు చుట్టిన గుడ్డ పీకి పారేశాను.

భోజనాల మధ్యలో అన్నయ్య కొత్త చొక్కా మీద కూర ఒలికింది. మరక పడిపోతుందని ఆడబిడ్డ కంగారుపడితే, చొక్కా విప్పించి మిషనులో వేసి ఆన్ చేశాను. అన్నయ్య మా ఆయన టీషర్టు తొడుక్కుని మళ్ళీ బొగ్గు దగ్గరికి వచ్చారు. అత్తమ్మ తినడం ముగించి చెయ్యి కడుక్కోవడానికి వరండాలోకి వెళ్ళింది.

కేక ఏమీ వినపడలేదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒక మూలుగు మాత్రం వినపడింది. తల తిప్పి చూస్తే అత్తమ్మ నల్లా పట్టుకుని వంగి నిలబడి ఉంది. ఒళ్ళంతా బిగుసుకుపోయింది. చెయ్యి నల్లాను వదలడం లేదు. కళ్ళు మా వైపే ఉన్నాయి.

అన్నయ్య ఎంగిలి చేత్తోనే దివాన్ మీదికి ఎగిరి రెండు కాళ్ళూ పైకి లాక్కున్నారు.

"ఎవ్వలు ముట్టుకోకుండ్రి! నేను ప్లాంటుకు ఫోన్ చేస్తున్న!"

మా ఆయన "అమ్మా!" అని పరుగెత్తాడు. చిన్నమ్మ ఎప్పుడు లేచిందో, వెనక నుంచి అతని కాలరు పట్టి గుంజింది.

"ఆగు అల్లుడూ, ముట్టుకోమాక! నువ్వూ అతుక్కుంటావు! అమ్మాయ్, మెయిన్ ఎక్కడే?"

మెయిన్ ఎక్కడుందో నాకు తెలుసు. హాల్లో గోడ మీద ఆ బోర్డు అసహ్యంగా ఉందని, దాని మీద జలపాతం బొమ్మ ఫ్రేము తగిలించింది నేనే. ఆ ఫ్రేము మేకులకు బిగుసుకుని ఊడి రాలేదు. రెండు చేతులా పట్టి లాగితే అద్దం పగిలి కింద పడింది. మెయిన్ దించాను. ఫ్యాన్లు, టీవీ, మిషను అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఈలోపు చిన్నమ్మ పొడి చెక్కపీట పట్టుకుని అత్తమ్మ మోచేతిని నెడుతూ ఉంది. అత్తమ్మ చెయ్యి వదిలేసి ఆవిడ మీదికి ఒరిగిపోయింది.

ఇదంతా కొన్ని క్షణాల్లో జరిగి ఉంటుంది. ఆ ఫ్రేముతో నేను పడ్డ పెనుగులాట మాత్రం నాకు ఇప్పటికీ అరగంట పట్టినట్టే అనిపిస్తుంది.

అత్తమ్మను పొడి నేల మీద పడుకోబెట్టాం. చిన్నమ్మ ఆవిడ ముక్కు దగ్గర చెవి పెట్టి, ఛాతీ మీద చెయ్యి వేసి చూసింది. "ఊపిరి ఆడుతుంది" అంది. కాసేపటికి అత్తమ్మ కళ్ళు తెరిచింది. అన్నయ్య దివాన్ దిగి, "ఏం గాలే, ఏం గాలే. జర నిమ్మకాయ నీళ్లియ్యిండ్రి, సదురుకుంటది" అన్నారు.

"నిమ్మకాయ నీళ్ళు మీరు తాగండి అల్లుడు గారూ. షాక్ కొట్టినాక మనిషి లేచి నడిచినా సరే, గుండె చూపించాల్సిందే" అంది చిన్నమ్మ.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాం. చిన్నమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. అక్కడ ఈసీజీ తీశారు, అరచేతిలో కాలినచోట కట్టు కట్టారు, సాయంత్రం దాకా చూసి పంపిస్తామన్నారు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. కాగితం మీద రాసుకుంటూ, "ఇంతకుముందు ఎప్పుడైనా షాక్ కొట్టిందా అమ్మా?" అని అడిగాడు.

అత్తమ్మ మంచం చుట్టూ నిలబడ్డ మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. కొడుకును, కూతురిని, అల్లుడిని, చివరికి నన్ను.

"ఏడు నెలల సంది కొడుతున్నది సారూ. నేను షాక్ కొడుతున్నదంటె వీళ్లు గోలీలు ఏస్తున్నరు."

డాక్టరు పెన్ను ఆపి మమ్మల్ని చూశాడు. అన్నయ్యకు అదే సమయంలో ఏదో ముఖ్యమైన ఫోన్ వచ్చింది. మోగినట్టు మాత్రం నాకు వినపడలేదు.

పొద్దు గూకకముందే ఇంటికి వచ్చాం. చిన్నమ్మ మిషను ముందుకు జరిపి, ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పి ఉంచింది. లోపల ఎలుకలు ఒక వైరు కొరికి పెట్టాయి. రాగి బయటపడి మిషను ఒంటికి ఆనుకుంది. ఇన్నాళ్ళూ కొద్దికొద్దిగా వచ్చిన కరెంటు ఆ రోజు పూర్తిగా వచ్చింది.

"ఎలకలది తప్పే అనుకో. ఎర్తింగ్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయేది, మనిషిలోంచి పోయేది కాదు. ఇటు రండి, మీ ఎర్తింగ్ చూపిస్తా" అని మమ్మల్ని గోడ దగ్గరికి పిలిచింది. విప్పిన బోర్డులోంచి ఒక పచ్చ వైరు బయటికి వచ్చి, నీటుగా మెలికలు తిరిగి, గోడకు కొట్టిన ఒక మేకుకు చుట్టుకుని ఉంది. అక్కడితో ఆగిపోయింది.

మా ఆయన ఆ మేకు నుంచి అన్నయ్య వైపు తిరిగాడు. "బావా, నువ్వే గదా దగ్గర నిలబడి చేయించినవ్?"

"నిలబడ్డ. గని గుంత తవ్వుడు, బొగ్గు పోసుడు, గదంత ప్లాంటుకు కావాలె. ఇండ్లకెందుకు అనుకున్న."

"మరి టెస్టర్ పెట్టి చూశారంటగా?" అంది చిన్నమ్మ.

"వెలగలే. వెలిగితె నేను చెప్పనా?"

చిన్నమ్మ చెయ్యి చాచింది. అన్నయ్య టెస్టర్ ఇచ్చారు. మిషను లైను విడదీసి చిన్నమ్మ అప్పటికే మెయిన్ ఎత్తింది, హాల్లో ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ ఆ టెస్టర్‌ను పనిచేస్తున్న సాకెట్టులో పెట్టింది. వెలగలేదు. పక్కదాంట్లో పెట్టింది. వెలగలేదు.

"ముందు కరెంటు ఉన్న చోట పెట్టి, టెస్టర్ బతికుందో లేదో చూసుకోవాల అల్లుడు గారూ. ఇది పోయి ఎన్నాళ్ళైందో!"

"మొన్నటిదాక మంచిగనే వెలిగింది" అన్నారు అన్నయ్య.

మా ఆడబిడ్డ అప్పుడు అంది: "మా ఇంట్ల అయితె ఎన్నడు వెలగలే."

మర్నాడు చిన్నమ్మ ఎరిగిన ఎలక్ట్రీషియన్ కోదాడ నుంచి వచ్చాడు. వెనక గోడ పక్కన గుంత తవ్వి, ఇనుప గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పోసి, ఆ పచ్చ వైరును మేకు నుంచి విడిపించి దానికి కలిపాడు. కరెంటు లీకైతే దానంతటదే లైను ఆపేసే బ్రేకరు కూడా బిగించాడు. అత్తమ్మ చేతికట్టుతో కుర్చీ వేసుకుని పని అయ్యేదాకా అక్కడే కూర్చుంది. గొట్టం ఎంత లోతు పోయిందో అడిగి, చేతికర్ర పెట్టి కొలిపించింది.

ఆ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని, తప్పైపోయింది అత్తమ్మా అన్నాను. గుడ్డ పీకేసిన సంగతి కూడా చెప్పాను. ఆవిడకు అది ముందే తెలుసు.

"నేను చెప్తె మీకు వినవడలే. మీ చిన్నమ్మ చెప్తె జర వినవడ్డది. కరెంటు చెప్తె మంచిగ వినవడ్డది" అంది. తర్వాత మాత్రల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "స్కూలుకు వొయ్యి అరిసి అరిసి నీ నరాలు గుంజుతుంటయి. నువ్వేసుకో" అంది. కోపం పోయినట్టా, పోనట్టా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. డబ్బా మాత్రం ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

మిర్యాలగూడలో ఇప్పుడు ఈ కథ ఇంకో రకంగా నడుస్తోంది. షాక్ కొట్టగానే అన్నయ్య గట్టిగా అరిచి ఎవరినీ ముట్టుకోనివ్వలేదనీ, లేకపోతే ఇంట్లో నలుగురు పోయేవాళ్ళనీ చెప్పుకుంటున్నారు. అరిచిన మాట నిజమే కాబట్టి మేం కాదనలేకపోతున్నాం. ఎక్కడ నిలబడి అరిచారో మాత్రం ఎవరూ అడగడం లేదు.

ఒక నెల తర్వాత ఎదురింటామె మా గుమ్మంలోకి వచ్చి, అత్తమ్మతో గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాను. వాళ్ళ ఫ్రిజ్జు తలుపు తీస్తుంటే వేళ్ళు చురుక్కుమంటున్నాయట. భర్తకు చెప్తే గ్యాసు పట్టి ఉంటుంది, వాము తినమన్నాడట.

"ఎన్ని దినాల సంది?" అని అత్తమ్మ లేచింది. వాళ్ళింటికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఎదురింటాయన సోఫాలోంచి లేవకుండానే, "ఏం లేదమ్మా, ఉత్తదే, ఆమెకు అనుమానం" అన్నాడు.

"మెయిన్ ఏడున్నదో జర సూపియ్యి బిడ్డా" అంది అత్తమ్మ.

ఆయన లేచి బీరువా పక్కన చూశాడు, తలుపు వెనక చూశాడు. ఈలోగా ఆయన భార్య మెట్ల కిందికి వెళ్ళి మెయిన్ దించేసి వచ్చింది. అత్తమ్మ అప్పటికే కోదాడలో మా చిన్నమ్మకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి పట్టుకుని ఉంది.