చందనం గుండు, కేసరి ప్లేటు

మాది నగరి. నిరుడు మా పెళ్లిరోజున మా ఆయన తిరుమల కొండమీద గుండు చేయించుకున్నారు. దర్శనమయ్యాక చంద్రగిరి కోటంతా తిరిగి, సాయంత్రానికి ఆకలితో తిరుపతిలో ఒక హోటల్‌కి చేరాం. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి చందనం పూసిన గుండు ఒకటి అటు తిరిగి కేసరి తింటోంది. మా ఆయన వేసుకున్న అదే తెల్ల చొక్కా! నాకు ఒళ్లు మండి, వెనకనుంచే ప్లేటు లాగేశాను.

"ఏమయ్యా, షుగరు పెట్టుకొని కేసరి తింటావా? డాక్టరు చెప్పింది అప్పుడే మర్చిపోయినావా?"

గుండు ఇటు తిరిగింది. ఎవరో పెద్దాయన!

"నాకు షుగరు లేదమ్మా" అన్నాడు బెదురుగా.

సిగ్గుతో చచ్చిపోయాను. ప్లేటు ఆయన ముందు పెట్టేసి అటూ ఇటూ చూస్తే, మూల బల్ల దగ్గర మా ఆయన ఈ భాగోతమంతా చూస్తూ, నింపాదిగా రెండో ప్లేటు కేసరి ముగిస్తున్నారు.

ఇప్పుడు తిరుపతి ప్రయాణమంటే నేను ఎర్ర చొక్కా తీసి పెడతాను. ఆయన మాత్రం తెల్లదే కావాలంటారు.