ఓడకూ చెవులుంటాయి

గోడకు చెవులుంటాయని పెద్దలన్నారు. ఓడకూ ఉంటాయని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఎల్బీ నగర్‌లో నా పరువు అలా నిలువునా మునిగేది కాదు. మీరు హాయిగా నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

పెళ్లయిన నెలకే నేను ఆఫీసరుగా పనిచేసే ఓడ నుంచి పిలుపొచ్చింది. తెల్లవారుజామున స్వప్నను లేపకుండా, దొంగలా బ్యాగు పట్టుకుని జారుకున్నాను. ఆమె ఏడిస్తే చూడలేననే భయం. ఆమెకేమో అది నిర్లక్ష్యంలా తోచింది. అప్పటినుంచి ఫోన్‌లో "ఆఁ", "ఊఁ" తప్ప మాటల్లేవు.

ఓడ నడిపే గదిలో, విమానంలో బ్లాక్‌బాక్స్ లాంటి రికార్డర్ ఒకటుంటుంది. అందులో పెద్ద రకం, సాదా రకం అని రెండు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ జిరాక్సు నోట్సులో "సాదా రకం తక్కువ రికార్డు చేయును" అని బట్టీపట్టి, ఆ తగ్గేవి మాటలేనని నాకు నేనే తీర్మానించుకున్నాను. మా ముసలి ఓడలో ఉన్నది సాదా రకమే. ఇంకేం! ఆ గదిలో డ్యూటీలో ఒంటరిగా ఉన్న ఒక మధ్యాహ్నం, ఫోన్‌లో నోటికి రాని క్షమాపణను సముద్రానికి గట్టిగా అప్పజెప్పాను.

ఆ సాయంత్రమే రేవులో మా ఓడ గట్టును గీరుకుంది. ఆ రోజు రికార్డింగ్ చెరిగిపోకుండా కెప్టెన్ వెంటనే రికార్డర్ మీద 'సేవ్' నొక్కాడు.

సెలవుకు ఎల్బీ నగర్‌లో ఇంటికొచ్చాను. స్వప్న అన్నం వడ్డిస్తోంది గానీ మాట వడ్డించడం లేదు. మూడో రోజు ఆ గీరుడు మీద లాప్‌టాప్‌లో విచారణ. తెర అవతల మా కంపెనీ పెద్దాయన, కాకినాడ మనిషి.

"బాబూ, ఈ గొంతు మీదేనాండీ?" అంటూ రికార్డింగ్ పెట్టారు.

"స్వప్నా, నిన్ను లేపుంటే నేను పోకపోతుంటి. నీ మొఖం చూస్తే నా కాళ్లు కదలకపోతుండె. మాఫ్ చెయ్యి పిల్లా. నువ్వు లేక ఈడ అన్నం గూడ సప్పగున్నది."

"సార్! గా రికార్డర్ సాదా రకం గద సార్! మాటలెట్ల ఎక్కినయ్?"

"సాదా అంటే చెవిటిదని కాదండీ! చుక్కాని, ఇంజను వివరాలు కొన్ని వదిలేస్తుందేమో గానీ, మాటలు రెండు రకాలూ పట్టుకుంటాయి. ఎక్కడ చదివారండీ మీరు?"

వెనక గ్లాసు చప్పుడైంది. చాయ్ పట్టుకుని స్వప్న. ఎప్పుడొచ్చి నిలబడిందో, కళ్లనిండా నీళ్లు. ముందుకు వంగి, ఇన్నాళ్లకు నోరు విప్పింది. నాతో కాదు లెండి.

"నమస్తే సార్. జర మల్లొక్కసారి పెట్టుండ్రి."

ఆ మహానుభావుడు మూడుసార్లు పెట్టారు.

కాబట్టి సముద్రుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ రకం యంత్రం పక్కనా గుండె విప్పను. ప్రయాణం ఎంత పొద్దున్నే అయినా స్వప్నను లేపే వెళ్తాను. ఇద్దరం ఏడవడానికి సరిపడా, అరగంట ముందే అలారం పెట్టుకుంటాను.